హైడ్ పార్కులో గంజాయి గుంపు: పోలీసు గంటలు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

2024లో ఏప్రిల్ 20 శనివారం పడింది. అమ్మ లండన్ వచ్చి అప్పటికి రెండు వారాలు. హైడ్ పార్కు చూపిద్దామని మార్బుల్ ఆర్చ్ దగ్గర బస్సు దిగాం. స్పీకర్స్ కార్నర్ దాటామో లేదో గుప్పున ఆ వాసన. ఆ తేదీ సంగతి నాకు తట్టనే లేదు. అమ్మది నర్సీపట్నం. ఏజెన్సీ నుంచి కిందికి దిగే దారిలో చెక్‌పోస్టులు, బస్సు ఆపి సంచులు విప్పించడం, ఎవరింటి కుర్రాడో కేసులో ఇరుక్కున్నాడన్న కబురు, ఇవన్నీ ఆమెకు తెలిసిన సంగతులే. ఇక్కడేమో ఎక్కడ చూసినా జనం, గడ్డి మీద కూర్చుని బాహాటంగా కాలుస్తున్నారు. పాతిక అడుగుల దూరంలో పసుపుపచ్చ జాకెట్లు వేసుకున్న పోలీసులు నిలబడి చూస్తున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"అదేట్రా, పోలీసులు ఎదురుగానే ఉన్నారు కదా. పట్టుకోరేటి?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కొన్నాళ్లకు అదే ప్రశ్న వేరే రూపంలో నా ముందుకే వచ్చింది. లండన్‌లో ప్రతి వార్డులోనూ స్థానికులు, పోలీసులు కలిసి కూర్చునే సమావేశం ఒకటి ఉంటుంది. రాబోయే నెలల్లో ఆ వార్డు పోలీసులు ముఖ్యంగా ఏ మూడు పనులు చూడాలో అక్కడే తేలుస్తారు. మా సమావేశంలో ఒక పెద్దాయన, పార్కులో గంజాయి తాగే గుంపుల సంగతి మొదటి వరసలో పెట్టాలన్నారు. బస్ స్టాప్ దగ్గర ఫోన్లు లాక్కుపోతున్నారు, ముందు అది చూడండి అని ఇంకొకామె పట్టుబట్టారు. చేతులెత్తమన్నారు. ఎవరి వైపు ఎత్తాలో తెలియక ఊరుకున్నాను. ఆ మథనంలోంచే ఇతర ఊళ్లు ఏం చేశాయో చదవడం మొదలుపెట్టాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు కౌన్సిల్‌లోనో, యూనివర్సిటీ కమిటీలోనో, మీ కాలనీలోనో ఇలా చెయ్యి ఎత్తాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. అలాంటి గుంపు దగ్గర పోలీసులు ఉండాలి, కానీ పొగ కోసం కాదు. ఎందుకో చెబుతాను.

అసలు ఈ తేదీ ఏమిటి అంటారా? 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ హైస్కూల్ కుర్రాళ్లు కొందరు సాయంత్రం 4:20కి కలుసుకునేవాళ్లు. అది వాళ్ల సంకేత పదమైంది, తర్వాత లోకమంతా పాకింది. అమెరికా వాళ్లు నెలను ముందు రాస్తారు కాబట్టి 4/20 అంటే ఏప్రిల్ 20. హైడ్ పార్కులో ఆ రోజు చేరేది సగం పండుగ, సగం నిరసన. చట్టం మార్చమని అడగడానికే వచ్చేవాళ్లూ ఉంటారు. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే నలుగురు పోగై ఏదో ఒకటి డిమాండ్ చేసే హక్కు మీద చెయ్యి వేయడం దొంగను పట్టుకోవడం లాంటి పని కాదు.

ఒక్క అరెస్టు ఎంత ఖరీదు?

బ్రిటన్‌లో గంజాయి బి క్లాసు మత్తుపదార్థం. దగ్గర ఉంచుకుంటే చట్టం ప్రకారం 5 ఏళ్ల దాకా, అమ్మితే 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ జేబులో చిన్న పొట్లంతో దొరికినవాడికి ఎక్కువగా అక్కడికక్కడే హెచ్చరికో, 90 పౌండ్ల జరిమానా చీటీనో ఇచ్చి వదిలేస్తారు. ఎందుకలా అంటే, అరెస్టు అనేది చెయ్యి వేసి బండి ఎక్కించడంతో అయిపోదు. ఇద్దరు పోలీసులు ఆ మనిషితో స్టేషన్‌కి వెళ్లాలి, వరసలో నిలబడాలి, పేరూ ఊరూ రాయించాలి, దొరికింది సీలు చేయాలి, విచారణ జరపాలి, స్టేట్‌మెంట్ టైప్ చేయాలి. ఆ గంటలన్నీ ఆ ఇద్దరూ వీధిలో ఉండరు. వేల మంది ఉన్న మైదానంలో యాభై మందిని ఇలా తీసుకెళ్తే వంద మంది పోలీసులు సాయంత్రానికి స్టేషన్లలో కాగితాల ముందు ఉంటారు, మైదానంలో మిగిలిన జనం మాత్రం అలాగే ఉంటారు.

పోలీసులు ఎంతమందైనా ఉంటారనుకునే రోజులు కూడా కావివి. 2025లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు విభాగం 26 కోట్ల పౌండ్ల లోటు పూడ్చడానికి 1,700 మంది పోలీసులను, సిబ్బందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. హైడ్ పార్కు లాంటి రాచపార్కులను చూసే ప్రత్యేక పోలీసు బృందాన్ని ఎత్తేయడం కూడా అందులో ఉంది. కాబట్టి గుంపును పట్టుకోవాలా వద్దా అని అడిగేటప్పుడు, దాని కోసం ఏ పని ఆపుకుంటాం అని కూడా అడగాలి.

కుక్కలు, సోదాలు

అందరినీ అరెస్టు చేయలేం, కనీసం సోదా చేసి వడపోద్దాం అనేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. రైల్వే స్టేషన్లలో, సంగీత ఉత్సవాల్లో వాసన పట్టే కుక్కలను తిప్పింది. ఆ పద్ధతి ఎలా పనిచేసిందో అక్కడి అంబుడ్స్‌మన్, అంటే ప్రభుత్వ విభాగాల పనితీరు మీద విచారణ చేసే స్వతంత్ర అధికారి, 2006లో లెక్క తీశారు. కుక్కలు 10,211 సార్లు మనుషుల దగ్గర ఆగి, వీళ్ల దగ్గర ఉందని సూచించాయి. వెతికితే ఏదో ఒకటి దొరికింది నూటికి 26 మంది దగ్గరే. మిగతా నూటికి 74 మంది నలుగురిలో జేబులు తిప్పి చూపించి, తలవంచుకుని వెళ్లినవాళ్లు. ఇక అమ్మేవాళ్ల మీద కేసు కోర్టులో నిలిచింది ఎంతంటే 0.19 శాతం, అంటే వెయ్యికి ఇద్దరు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

సోదాకి ఇంకో ఖర్చు ఉంది, అది బడ్జెట్ కాగితాల్లో కనిపించదు. ఇంగ్లండ్‌లో పోలీసులు వీధిలో ఆపి చేసే సోదాల్లో సగానికి పైగా మత్తుపదార్థాల కోసమే. ఆ చెయ్యి అందరి మీదా సమానంగా పడదు. అమెరికాలో పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2010 లెక్కలు తీస్తే, గంజాయి వాడకం దాదాపు ఒకేలా ఉన్నా నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల కన్నా 3.73 రెట్లు ఎక్కువగా అరెస్టయ్యారు. పదహారేళ్ల పిల్లవాడిని స్నేహితుల ముందు గోడకి ఆనించి వెతికితే, రేపు వాడి కళ్ల ముందు కత్తిపోటు జరిగినా వాడు పోలీసులకు నోరు విప్పడు. ఆ సాక్ష్యం విలువ ఏ కుక్కా తెచ్చిపెట్టలేదు.

మైదానమే మూసేస్తే?

దీనికి కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ క్యాంపస్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన పిల్లలు కూడా చదువుకునే చోటు. ఏటా ఏప్రిల్ 20న అక్కడి నార్లిన్ లైబ్రరీ ముందున్న గడ్డి మైదానంలో జనం పోగయ్యేవారు. 2011లో ఆ సంఖ్య పదివేలు దాటింది. క్లాసులకు వెళ్లే దారి లేదు, యూనివర్సిటీ పేరు ఏటా ఆ ఒక్క ఫొటోతోనే వార్తల్లోకి ఎక్కేది. 2012లో యాజమాన్యం గట్టి నిర్ణయం తీసుకుంది. ఆ రోజు బయటివాళ్లెవరూ క్యాంపస్‌లోకి రాకూడదు. విద్యార్థులు, సిబ్బంది ఐడీ కార్డు చూపించాలి. మైదానానికి అడ్డంగా టేపు కట్టారు. గడ్డి మీద చేపలతో చేసిన ఎరువు చల్లారు, ఆ కంపుకి ఎవరూ కూర్చోకూడదని. ఇవి చాలక వైక్లెఫ్ జీన్ కచేరీ పెట్టి విద్యార్థులను అటు పిలిచారు.

గుంపు తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. పదివేల మంది రాలేదు. కొన్ని వందల మంది క్యాంపస్‌లోనే వేరే పచ్చిక మీదికి చేరి 4:20కి పొగ వదిలారు. మరుసటి ఏడాది కూడా మూసేశారు. అయితే గేటు గేటుకీ మనిషిని పెట్టి, సొంత విద్యార్థులను కార్డు చూపించమని ఆపి, పక్కింటివాళ్లకీ తల్లిదండ్రులకీ రావద్దని చెప్పి సాధించింది ఒక్క మధ్యాహ్నం ప్రశాంతత. ఆ 2012 నవంబర్‌లోనే కొలరాడో ప్రజలు ఓటు వేసి గంజాయిని చట్టబద్ధం చేశారు. గుంపు అనే అలవాటును విరగ్గొట్టాలంటే, అదీ కంచె వేయగలిగే చోటైతే, మూసివేత ఒకటి రెండేళ్లు పనిచేస్తుంది. నాలుగు వైపులా రోడ్లున్న హైడ్ పార్కు లాంటి చోట అది కాని పని. అక్కడ మూస్తే గుంపు పక్క వీధుల్లోకి, ఇళ్ల ముందుకి వెళ్తుంది.

అనుమతి ఇచ్చి, ఖర్చు నిర్వాహకుల మీద వేయడం

చట్టబద్ధమైన చోట్ల ఇది నాకు బాగా నచ్చిన దారి, లోపాలున్నా సరే. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కులోని హిప్పీ హిల్ దగ్గర ఏళ్ల తరబడి నాథుడు లేని గుంపు చేరేది. చెత్త టన్నుల్లో మిగిలేది. ట్రాఫిక్ ఆగిపోయేది. 2017లో మొదటిసారి నగరం పర్మిట్ ఇచ్చింది. కంచె వచ్చింది, గేటు దగ్గర సంచులు చూడటం, వయసు అడగడం, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స, చెత్త ఎత్తేవాళ్లు, అన్నీ వచ్చాయి. ఎవరిని నిలదీయాలో తెలిసింది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే. డెన్వర్‌లో 2017 వేడుక తర్వాత పార్కంతా చెత్తతో నిండిపోతే నగరం ఆ నిర్వాహకులకు మూడేళ్ల పాటు పర్మిట్ ఇచ్చేది లేదంది. పేరులేని గుంపుకైతే అలా చెప్పలేం కదా.

లోపం ఏమిటంటే, ఇది డబ్బు మీద నిలబడ్డ ఏర్పాటు. 2024లో స్పాన్సర్లు దొరక్క, నగర బడ్జెట్ కూడా బిగుసుకుని హిప్పీ హిల్ వేడుక రద్దయింది. వాంకూవర్ కథ ఇంకో రకం. అక్కడ 2016 నుంచి సన్‌సెట్ బీచ్‌లో జరిగేది, పార్క్ బోర్డు అనుమతి లేకుండానే. పోలీసుల ఓవర్‌టైం, శుభ్రం చేసే ఖర్చు నగరం నెత్తినే పడేది. నిర్వాహకులు కొంత మాత్రమే కట్టేవారు. గడ్డి తొక్కిపడేసి మైదానాన్ని వారాల తరబడి మూసిన సందర్భం కూడా ఉంది. 2018 అక్టోబర్ 17న కెనడా అంతటా గంజాయి చట్టబద్ధమైంది, ఇక నిరసన దేనికి, గుంపు తగ్గుతుంది అనుకున్నవాళ్లున్నారు. 2019 ఏప్రిల్‌లో పేరున్న బ్యాండు పాట పెట్టారు, జనం ఇంకా పెరిగారు. చట్టం మారితే పోలీసు ఖర్చు దానంతటదే పోతుందని ఎవరైనా చెబితే వాంకూవర్ గుర్తు చేయండి.

దగ్గర ఉండి, కొన్నిటి మీదే కన్నేయడం

హైడ్ పార్కులో ఆ రోజు నేను చూసింది ఇదే. గుంపు అంచున ఒక అమ్మాయి, పంతొమ్మిదేళ్లుంటాయేమో, మొహం తెల్లగా పాలిపోయి చెట్టుకి జారగిలబడింది. పెదాలు ఆరిపోయి ఉన్నాయి. స్నేహితులు నవ్వుతున్నారు, వాళ్లకీ అర్థం కావట్లేదు. మమ్మల్ని దాటుకుని ఒక మహిళా పోలీసు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, తాగావా అని నెమ్మదిగా అడుగుతూ పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. అది తినే రకమని తేలింది, బిస్కట్లలో కలిపింది. అలాంటివి ఆలస్యంగా ఎక్కుతాయి, ఏమీ కాలేదనుకుని ఇంకో రెండు తింటారు. అమ్మ తన స్టీలు బాటిల్ మూత తీసి ఇచ్చింది. రేడియోలో అంబులెన్స్‌ని పిలిచారు. ఆ పోలీసు జేబులో జరిమానా పుస్తకం ఉండే ఉంటుంది, దాన్ని బయటికి తీయలేదు. తీసి ఉంటే ఆ స్నేహితులు పిల్లని వదిలేసి పరిగెత్తేవాళ్లు. తర్వాతిసారి ఎవరు పడిపోయినా పోలీసులను పిలిచేవాళ్లు ఉండరు.

అలాగని ఊరికే నిలబడితే సరిపోదు. 2013లో డెన్వర్ సివిక్ సెంటర్ పార్కులో ఇలాంటి వేడుకలోనే తుపాకీ పేలి ముగ్గురు గాయపడ్డారు. వేల మంది చేరిన చోట కత్తులు, ఫోన్ దొంగలు, తొక్కిసలాట, మత్తులో స్టీరింగ్ పట్టేవాళ్లు, మైనర్లకు అమ్మేవాళ్లు, ఇవి నిజమైన ప్రమాదాలు. పోలీసు గంట అక్కడ పెట్టాలి. ముఖ్యంగా గుంపు విడిపోయే వేళ కారు పార్కింగుల దగ్గర, మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉండాలి.

సియాటిల్ పోలీసులు 2013 ఆగస్టులో చేసిన పని నాకు చాలా ఇష్టం. వాళ్ల వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి అప్పుడే చట్టబద్ధమైంది, బహిరంగంగా తాగడం మాత్రం ఇంకా తప్పే. హెంప్‌ఫెస్ట్ అనే వేడుకలో వాళ్లు వెయ్యి చిన్న డోరిటోస్ చిప్స్ ప్యాకెట్లు పంచారు. ప్రతి ప్యాకెట్ మీద కొత్త చట్టం చెప్పే స్టిక్కర్. మత్తులో బండి నడపొద్దు, 21 ఏళ్లు నిండనివాళ్లకు ఇవ్వొద్దు, అమ్మొద్దు, నలుగురిలో తాగొద్దు. జనం వరస కట్టి మరీ తీసుకున్నారు. జరిమానా చీటీని అలా వరసలో నిలబడి ఎవరూ తీసుకోరు.

లాంబెత్ చెప్పే రెండు మాటలు

ఇక్కడ ఆగి అవతలి పక్షం మాట కూడా వినాలి. 2001 జూలైలో దక్షిణ లండన్‌లోని లాంబెత్ అనే బరోలో (లండన్‌లో ఒక స్థానిక పాలనా ప్రాంతం) పోలీసు కమాండర్ బ్రయాన్ పాడిక్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. గంజాయితో దొరికితే అరెస్టు లేదు, సరుకు లాక్కుని హెచ్చరించి పంపడమే. మొదటి ఆరు నెలల్లో 1,350 పోలీసు గంటలు మిగిలాయని లెక్క వేశారు. పెద్ద అంకెలా వినిపిస్తుంది కానీ అది ఇద్దరు పోలీసుల పూర్తికాలపు పని కన్నా కొంచెం తక్కువే. హెచ్చరికతో సరిపెడితే నగరం బాగుపడిపోతుందని చెప్పేవాళ్లు ఈ అంకె ముందు కాస్త తగ్గాలి.

అయితే తర్వాత ఆర్థికవేత్తలు ఆ బరో నేరాల లెక్కలన్నీ తిరగేస్తే ఇంకో సంగతి తేలింది. పోలీసుల దృష్టి గంజాయి మీది నుంచి వేరే నేరాల మీదికి మళ్లి, కాలక్రమంలో మిగతా నేరాలు తగ్గాయి. అదే సమయంలో గంజాయి నేరాలు పెరిగి, ప్రయోగం ఆగిపోయాక కూడా తగ్గలేదు. మత్తు వ్యాపారం ఎక్కువగా ఉన్న వీధుల్లో ఇళ్ల ధరలు పడిపోయాయి. గట్టి మత్తుపదార్థాలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు పెరిగారని మరో పరిశీలన చెప్పింది. అంటే లాభం లాంబెత్ అంతా పంచుకుంటే నష్టం కొన్ని వీధులవాళ్లు మోశారు. మా సమావేశంలో ఆ పెద్దాయన గొంతులో ఉన్న బాధ అదే. గంజాయి బ్యాచ్ తన గుమ్మం ముందే చేరితే, మనవరాలిని పార్కుకి పంపలేకపోతే, ఏ పరిశోధన చదివి వినిపిస్తాం ఆయనకి?

అందుకే నేను రెండు రకాల గుంపులను వేరు చేసి చూస్తాను. ఏడాదికి ఒక్కరోజు వేల మంది చేరేది ఒకటి. రోజూ సాయంత్రం ఒకే బెంచీ దగ్గర పదిమంది చేరేది ఇంకొకటి. మొదటిదానికి కావాల్సింది దారులు, నీళ్లు, ప్రథమ చికిత్స, దొంగల మీద కన్ను, మర్నాడు చెత్త ఎత్తడం. రెండోదాని వెనక ఎక్కువగా అమ్మేవాడు ఉంటాడు. అక్కడ పోలీసు గంట పెట్టడం దండగ కాదు, కాకపోతే పొగ తాగే కుర్రాళ్ల మీద కాకుండా అమ్మేవాడి మీద పెట్టాలి. రోజూ ఒకే సమయానికి నడిచి వెళ్లే బీట్ పోలీసు, వెలిగే వీధి దీపం, పార్కు గేటు సరైన వేళకు మూయడం, ఈ మూడూ కలిస్తే నెలలోనే తేడా కనిపిస్తుందని నా నమ్మకం.

అమ్మ ప్రశ్నకి మన దగ్గర వేరే జవాబు ఉంటుంది, రెంటినీ కలపకూడదు. మన దేశంలో మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం 10 ఏళ్ల జైలు. నర్సీపట్నం దారిలో పట్టుబడేది పొగ తాగే గుంపు కాదు, మూటలు. వాటి కోసం చెక్‌పోస్టు పెట్టడం, పార్కులో సిగరెట్ చుట్టుకునేవాడిని వెతకడం ఒకే పని కావు.

ఇక చదువుకి వచ్చిన మన పిల్లలకు ఒక మాట. అందరూ కాలుస్తున్నారు, పోలీసులు ఏమీ అనట్లేదు అని ధైర్యం తెచ్చుకోకండి. అమెరికాలో మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ఇంకా ఒప్పుకోలేదు, వీసా ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వమే. బ్రిటన్‌లోనూ వీసా ఫారంలో శిక్షల గురించి అడుగుతారు. పక్కనున్న స్థానిక కుర్రాడికి 90 పౌండ్లతో పోయేది మీకు అంతటితో ఆగకపోవచ్చు.

తర్వాతి సమావేశానికి వెళ్లినప్పుడు నేను ఫోన్ దొంగతనాల వైపు చెయ్యి ఎత్తాను. తర్వాత ఆ పెద్దాయన తరఫున కూడా ఒకటి అడిగాను. ఆ బెంచీ దగ్గరికి సరుకు తెచ్చేది ఎవరు, ఏ వేళకి వస్తారు, దాని కోసం వారానికి ఎన్ని గంటలు కావాలి? ఏప్రిల్ 20న మన వార్డు నుంచి ఎంతమందిని పంపుతున్నారు, ఆ రోజు ఇక్కడ ఎవరుంటారు? సార్జెంట్ రెండూ రాసుకున్నారు. గంటల లెక్క వచ్చేసారి తెస్తానన్నారు. పెద్దాయన తన నోట్‌బుక్‌లో ఆ తేదీ రాసుకుని కింద గీత గీశారు.